ఫ్యాక్టర్ మా ఇంటి ఫ్రిజ్‌లో ఉండనివ్వండి: హీమోఫీలియా ఉన్న యువకుల తరఫున బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ ఉన్నతాధికారులకు, తిరుపతి, చిత్తూరు జిల్లాల కలెక్టర్లకు, రెండు జిల్లాల్లోని ప్రభుత్వ వైద్యులకు నమస్కారాలు.

అయ్యా, అమ్మా,

నా వయసు 27 ఏళ్లు. మాది పలమనేరు దాటాక వచ్చే ఒక పల్లె. నాకు పుట్టుకతో తీవ్ర హీమోఫీలియా ఏ ఉంది. అంటే రక్తం గడ్డకట్టడానికి కావలసిన ఎనిమిదో ఫ్యాక్టర్ అనే ప్రోటీన్ నా రక్తంలో మామూలుగా ఉండవలసిన దానిలో ఒక శాతం కన్నా తక్కువగా ఉంది. ఆ ఫ్యాక్టర్‌నే మాకు మందుగా నరానికి ఎక్కిస్తారు. తిరుపతిలో ఒక హోల్‌సేల్ దుకాణంలో లెక్కలు రాసి బతుకుతున్నాను. నాలాంటి యువకులం కొందరం, మా తల్లిదండ్రులతో కలిసి, ఏడాదిన్నర కాలంలో మూడుసార్లు అర్జీలు పెట్టుకున్నాం. మొదటిదానికి రసీదు ఇచ్చారు. రెండోదానికి అర్జీ పరిష్కారమైందని ఫోనుకు సందేశం వచ్చింది కానీ, ఏది ఎలా పరిష్కారమైందో ఎవరూ చెప్పలేదు. మూడోదానికి ఆ సందేశం కూడా రాలేదు. అందుకే ఇప్పుడు అందరూ చదివేలా ఈ లేఖ రాస్తున్నాను.

ప్రభుత్వం చేస్తున్న మేలును మేము మరిచిపోలేదు. నా చిన్నతనంలో అమ్మ పుస్తెలు తాకట్టు పెట్టి వేలూరు నుంచి మందు తెచ్చిన రోజులు ఉన్నాయి. ఇప్పుడు ఫ్యాక్టర్ ఉచితంగా దొరుకుతోంది, తీవ్ర హీమోఫీలియా ఉన్నవారికి నెలకు 10,000 రూపాయల పింఛను కూడా అందుతోంది. దానికి కృతజ్ఞతలు చెప్పి అసలు విషయానికి వస్తాను.

కొన్ని నెలల కిందట ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో ఒక వైద్యుడు నా ఎదుటే మా అమ్మతో ఇలా అన్నారు: “చిన్నప్పుడు నువ్వు ఎత్తుకొచ్చినన్నాళ్లూ సరిగ్గా వచ్చేవాడు. పెద్దవాడయ్యాక శ్రద్ధ పోయింది. మోకాలు పాడయ్యాక గానీ రావడం లేదు.” ఆయన మంచి మనసుతోనే అన్నారు. మా వయసువాళ్లలో చాలామంది ఆలస్యంగా వస్తున్న మాట నిజం, కొందరు మధ్యలో మానేస్తున్న మాటా నిజం. నేనూ అలా చేసినవాణ్ణే. కానీ అది అశ్రద్ధ కాదు. మందు మాకు వద్దని ఎవరమూ అనడం లేదు. ఒక్క వయల్ (చిన్న మందు సీసా) కోసం రెండు రోజుల పనిని, అదీ నెలకు మూడు నాలుగుసార్లు, పోగొట్టుకునే స్తోమత మాకు లేదు. ఇప్పుడున్న పద్ధతి తల్లి చంకనెక్కి వచ్చే పిల్లవాణ్ణి చూసి ఏర్పరచినది. ఆ పిల్లవాడు పెరిగాడు. అతనికి ఉద్యోగం ఉంది, షిఫ్టు ఉంది, కట్టవలసిన అద్దె ఉంది. పద్ధతి మాత్రం అక్కడే ఆగిపోయింది.

ఒక రాత్రి సంగతి చెబుతాను. కిందటి మామిడికాయల కాలంలో ఊరికి వెళ్లాను. రాత్రి తొమ్మిదిన్నర వేళ అన్నం తింటుండగా ఎడమ మోకాలి లోపల కాస్త వెచ్చగా అనిపించింది. వాపు లేదు, నొప్పి లేదు, కీలు లోపల చీమ పాకుతున్నట్టు ఒక చిమచిమ మాత్రం ఉంది. హీమోఫీలియా ఉన్న ఎవరికైనా ఆ చిమచిమ ఏమిటో తెలుసు. వాపూ నొప్పీ రాకముందే అది మాకు తెలుస్తుంది. ఆ గంటలో ఫ్యాక్టర్ ఎక్కి ఉంటే తెల్లవారి నేను పనిలోకి పోయేవాణ్ణి. మా ఇంట్లో ఫ్రిజ్ ఉంది. అందులో పాలు, పెరుగు, అమ్మ దేవుడికి పెట్టే పూలు ఉన్నాయి. ఫ్యాక్టర్ మాత్రం లేదు, ఎందుకంటే దాన్ని ఇంటికి ఇవ్వరు.

అమ్మ ఐసు ముక్కలు తువ్వాలులో మూటగట్టి మోకాలి మీద పట్టుకుని కూర్చుంది. పదకొండు గంటలకు కాలు ముడుచుకుపోయి ఇక చాపుకోలేకపోయాను. రెండు గంటలయ్యేసరికి మోకాలి చిప్ప పక్కనుండే గుంతలు పూడిపోయి, చర్మం నిగనిగలాడుతూ బిగుసుకుంది. దగ్గరి ఆసుపత్రిలో స్టాకు లేదని ఫోనులో తెలియడంతో, తెల్లవారుజామున నాన్న, అమ్మ కలిసి నన్ను తిరుపతి బస్సు ఎక్కించారు. కాలు చాపుకోవాలి కాబట్టి ముగ్గురి సీటుకూ టికెట్లు తీసుకుని నేనూ అమ్మా కూర్చున్నాం. మొగిలి ఘాటు మలుపుల్లో బస్సు ఒరిగిన ప్రతిసారీ అమ్మ నా మోకాలిని రెండు అరచేతుల మధ్య పట్టుకుని కదలకుండా చూసింది. తిరుపతిలో ఓపీ చీటీ, డాక్టరు సంతకం, స్టోరు ముందు వరుస అన్నీ ముగిసి సూది పడేసరికి మధ్యాహ్నం పన్నెండున్నర అయింది. చిమచిమ మొదలైనప్పటి నుంచి పదిహేను గంటలు గడిచాయి.

ఇచ్చినది 500 యూనిట్ల వయల్ ఒకటి. నా బరువు 60 కిలోలు. కిలో బరువుకు ఒక యూనిట్ చొప్పున ఇస్తే ఎనిమిదో ఫ్యాక్టర్ సుమారు 2 శాతం పెరుగుతుంది. ఆ లెక్కన 500 యూనిట్లు నన్ను 16, 17 శాతానికి తెచ్చాయి. దాన్ని 40 శాతానికి తేవాలంటే 1,200 యూనిట్లు కావాలి. పైగా ఎక్కిన మందులో సగం 8 నుంచి 12 గంటల్లోనే కరిగిపోతుంది. ఆ రాత్రికి నాలో మిగిలినది ఎనిమిది శాతం, మర్నాటికి నాలుగు. మర్నాడు మళ్లీ రమ్మన్నారు. మళ్లీ వెళ్లడానికి కాలు సహకరించలేదు. తొమ్మిది రోజులు మంచంలో ఉన్నాను, తొమ్మిది రోజుల జీతం పోయింది. మా యజమాని మంచివాడు కాబట్టి ఉద్యోగం మిగిలింది.

ఇది నా ఒక్కడి కథ అయితే ఈ లేఖ రాసేవాణ్ణి కాదు. ఫ్యాక్టర్ కోసం వరుసలో నిలబడిన చోటే మేము ఒకరికొకరం పరిచయమయ్యాం. ఎవరిని కదిపినా ఇదే కథ, ఊరి పేరూ బస్సు వేళా తప్ప. మేమూ మా కుటుంబాలూ కూర్చుని మాట్లాడుకున్న విషయాలను, మేము కోరుతున్నవాటిని కింద వరుసగా రాస్తున్నాను.

1. మందును ఇంటికి ఇవ్వాలి. మా కోరికలన్నింటిలో ఇదే మొదటిది. మిగతావన్నీ ఆలస్యమైనా ఓర్చుకుంటాం గానీ దీనిని ఇంకా వాయిదా వేయవద్దని ప్రార్థిస్తున్నాం. కీలులో రక్తస్రావం మొదలైన రెండు గంటల్లోపు ఫ్యాక్టర్ ఇవ్వడం మేలని వైద్యులే చెబుతారు. కుప్పం పక్క పల్లెలో ఉన్నవాడు రాత్రి పది గంటలకు రెండు గంటల్లో తిరుపతి ఎలా చేరగలడు? ఆలస్యమైన కొద్దీ కీలులో చేరిన రక్తం, అందులోని ఇనుము, కీలు లోపలి పొరను వాచేలా చేస్తాయి. వాచిన పొరలో కొత్త రక్తనాళాలు పుడతాయి, అవి ఇంకా సులువుగా చిట్లుతాయి. అలా ఆరు నెలల్లో మూడుసార్లు లేదా అంతకన్నా ఎక్కువ రక్తస్రావమైన కీలును టార్గెట్ జాయింట్ అంటారు. ఆ తరువాత మృదులాస్థి అరిగిపోతుంది. చివరికి 27 ఏళ్లవాడి మోకాలు ఎక్స్‌రేలో 70 ఏళ్లవాడి మోకాలిలా కనిపిస్తుంది. నా ఎడమ మోకాలి ఎక్స్‌రే అలాగే ఉంది.

ఇంటికి ఇస్తే మందు పాడవుతుందని, అమ్ముకుంటారని, సూది సరిగ్గా పొడుచుకోలేరని మూడు అభ్యంతరాలు విన్నాం. ఫ్యాక్టర్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. ఇంట్లో ఫ్రిజ్, దారికి ఐసు పెట్టె చాలు. ఖాళీ వయల్, దాని లేబుల్, రక్తస్రావమైన తేదీ, కీలు పేరు రాసిన పుస్తకం తెచ్చి చూపితేనే తరువాతి విడత ఇవ్వండి. ఆ నియమానికి మేమంతా సిద్ధం. సూది విషయానికి వస్తే, షుగర్ ఉన్న మా పెద్దమ్మ అక్షరం రాకపోయినా తనకు తానే ఇన్సులిన్ వేసుకుంటుంది. నరానికి పొడవడం అంతకన్నా కష్టమని ఒప్పుకుంటాను, కానీ అదీ నేర్చుకోగలిగిన పనే. వేలూరులో శిక్షణ పొందిన వాళ్లు తమకు తామే ఎక్కించుకోవడం నేను చూశాను. రెండు జిల్లాల్లో ఏడాదికి రెండుసార్లు శిక్షణ శిబిరం పెట్టి, నేర్చుకుని పరీక్షలో నెగ్గినవారికి అత్యవసరానికి కనీసం రెండు విడతల మందు ఇంటికి ఇవ్వండి. నేర్చుకోలేనివారి కోసం కుప్పం, పలమనేరు, శ్రీకాళహస్తి ఏరియా ఆసుపత్రుల్లో రాత్రింబవళ్లు దొరికేలా స్టాకు పెట్టండి, ఆ స్టాకు తాళం డ్యూటీ నర్సు చేతిలో ఉండాలి.

2. రక్తం కారాక కాదు, కారకముందే ఇవ్వాలి. క్రమం తప్పకుండా ఫ్యాక్టర్ ఇస్తూ రక్తస్రావం రాకుండా ఆపే పద్ధతిని ప్రొఫిలాక్సిస్ అంటారు. వరల్డ్ ఫెడరేషన్ ఆఫ్ హీమోఫీలియా 2020లో వెలువరించిన మార్గదర్శకాలు దీనినే సరైన చికిత్సగా చెప్పాయి. వాటిని రాసిన నిపుణుల బృందానికి నాయకత్వం వహించినవారు మన చిత్తూరుకు గంట దూరంలో ఉన్న వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వైద్యులు అలోక్ శ్రీవాస్తవ. మందు తక్కువగా దొరికే దేశాల్లో కిలోకు 10 నుంచి 15 యూనిట్ల చొప్పున వారానికి రెండు మూడుసార్లు ఇచ్చినా గణనీయంగా మేలు జరుగుతుందని అందులోనే ఉంది.

ఖర్చు పెరుగుతుందన్న భయం ఉంటే నా పుస్తకంలోని లెక్క చూడండి. లెక్కలు రాయడమే నా వృత్తి కాబట్టి ప్రతి బ్లీడింగ్‌నూ రాసి పెట్టుకుంటాను. కిందటేడాది నాకు 34సార్లు రక్తస్రావమైంది. అందులో 19సార్లు ఆసుపత్రికి వెళ్లాను, 15సార్లు ఐసుతోనూ పారాసిటమాల్‌తోనూ సరిపెట్టుకున్నాను. ఆ 34సార్లకూ తగిన మోతాదు, అంటే 1,200 యూనిట్లు రెండేసి విడతలు ఇచ్చి ఉంటే 81,600 యూనిట్లు అయ్యేవి. కిలోకు 10 యూనిట్ల చొప్పున వారానికి రెండుసార్లు ఏడాదంతా ఇస్తే 62,400 యూనిట్లు అవుతాయి. ప్రొఫిలాక్సిస్ తీసుకున్నా అప్పుడప్పుడూ రక్తస్రావం వస్తుంది, దానికీ కొంత కావాలి, నిజమే. అయినా ఈ రెండు అంకెల మధ్య ఉన్న తేడా నా మోకాలు, నా జీతం, మా అమ్మ నిద్ర.

ఇక్కడ మా వయసువాళ్ల మనసు గురించి ఒక మాట చెప్పాలి. ఒంట్లో బాగున్న రోజున సూది పొడుచుకోవడం మాలో చాలామందికి ఇష్టం ఉండదు. బాగున్న రోజునైనా జబ్బును మరిచిపోదామనిపిస్తుంది. పదేళ్లుగా పొడిచి పొడిచి నరాలు గట్టిపడి దొరకనివాళ్లు ఉన్నారు. అందుకే ఏ మందు, వారానికి ఎన్నిసార్లు, ఏ రోజుల్లో అన్నది మమ్మల్ని అడిగి నిర్ణయించండి. నాకు తెలిసిన ఒక డిగ్రీ విద్యార్థి ఏడాది పాటు సూదికి దూరంగా తిరిగాడు. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కి కొండకు నడవాలన్నది అతని కోరిక. దానికోసం ఎలా సిద్ధం కావాలో, ఏ ఉదయం ఫ్యాక్టర్ వేసుకోవాలో ఒక వైద్యురాలు ఓపికగా కూర్చుని చెప్పిన నాటి నుంచి అతను ఒక్క విడత కూడా మానలేదు. అతను ఇంకా కొండ ఎక్కలేదు, సిద్ధమవుతున్నాడు.

3. 18 ఏళ్లు నిండగానే మమ్మల్ని ఏ విభాగానికీ చెందనివాళ్లుగా మార్చవద్దు. పిల్లల వార్డులో మా పేరు, మా నరం, మేము అలిగే తీరు తెలిసిన నర్సులు ఉండేవారు. పెద్దవాళ్లమయ్యాక మెడిసిన్ వాళ్లు ఎముకల డాక్టరు దగ్గరికి, ఎముకల వాళ్లు మళ్లీ మెడిసిన్‌కూ పంపుతున్నారు. ప్రతిసారీ కొత్త డాక్టరుకు మొదటి నుంచి చెప్పుకోవాలి. నెలకు ఒక్క రోజైనా పెద్దల హీమోఫీలియా క్లినిక్ నడపండి, ఆ క్లినిక్‌కు ఒక వైద్యుణ్ణి బాధ్యుడిగా నియమించండి.

కొత్త మందుల విషయంలోనూ వయసు గీత మాకు అడ్డు రాకూడదు. నరానికి కాకుండా చర్మం కింద వేసే ఎమిసిజుమాబ్ హీమోఫీలియా ఏ ఉన్నవారికి వారానికోసారి, రెండు వారాలకోసారి, నాలుగు వారాలకోసారి కూడా సరిపోతుంది. నరాలు దొరకనివాడికి, షిఫ్టులో పనిచేసేవాడికి అది ఎంత ఊరటో మాటల్లో చెప్పలేను. కేరళ ప్రభుత్వం 2024లో 18 ఏళ్లలోపు పిల్లలకు దానిని ఇవ్వాలని నిర్ణయించింది. మన రాష్ట్రమూ ఇవ్వాలని, ఇచ్చేటప్పుడు 19 ఏళ్లవాణ్ణి, 27 ఏళ్లవాణ్ణి గడప బయట నిలబెట్టవద్దని కోరుతున్నాం. ఇక జన్యు చికిత్స గురించి మా ఇళ్లలో ఆశలూ ఉన్నాయి, పుకార్లూ ఉన్నాయి. వేలూరులో ఐదుగురు రోగులపై చేసిన జన్యు చికిత్స ఫలితాలు 2024 డిసెంబరులో వెలువడ్డాక, ఒక్క సూదితో జబ్బు పోతుందని నమ్మి ఇప్పుడున్న చికిత్స మానేసినవాడు కూడా మాలో ఉన్నాడు. దానికి రక్తపు మూలకణాలు తీసి, కీమోథెరపీ ఇచ్చి, మళ్లీ ఎక్కించాలని, అది ఇంకా పరిశోధన దశలోనే ఉందని అతనికి ఎవరూ చెప్పలేదు. అలాంటి మాటలు చెప్పవలసిన చోటు క్లినిక్కే.

4. మా తల్లుల మాట కూడా వినండి. చికిత్స గురించి నేను ఆలోచించే తీరు ఒకటి, మా అమ్మ ఆలోచించే తీరు మరొకటి. మా మేనమామ పన్ను పీకించుకుని, రక్తం ఆగక, జబ్బు పేరైనా తెలియకుండా పోయాడు. అమ్మ ఆయనకు చెల్లెలు. అందువల్ల నేను గడప దాటకుండా కూర్చుంటే చాలని ఆమెకు అనిపిస్తుంది. బడిలో ఆటల పీరియడ్‌లో నన్ను చెట్టు కింద కూర్చోబెట్టమని టీచరును వేడుకున్నది ఆమే. కదలని కాలికి కండ ఉండదని, కండ లేని కీలే ముందుగా చిట్లుతుందని, ఈత, తగిన వ్యాయామం మాకు మంచివని నాకు 20 ఏళ్లు దాటాక గానీ తెలియలేదు. అమ్మకు అప్పుడే ఎవరైనా చెప్పి ఉంటే!

కాలు వాస్తే పుత్తూరు కట్టు కట్టించమని బంధువులు చెబుతారు, కట్టించిన ఇళ్లూ ఉన్నాయి. విరిగిన ఎముకకు పుత్తూరు కట్టు మీద మన ప్రాంతంలో ఎంత నమ్మకమో నాకు తెలుసు, ఆ విద్యను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ మాకు విరిగింది ఎముక కాదు, కారుతున్నది రక్తం. కాలిని నలిపి, తైలం రాసి, బిగించి కడితే అది ఇంకా కారవచ్చు. ఈ ఒక్క మాట ఊరూరా ఆశా కార్యకర్త నోట చెప్పించినా కొన్ని కాళ్లు నిలుస్తాయి.

ఇంతకన్నా బరువైనది ఇంకొకటి ఉంది. “నీ పుట్టింటి నుంచే వచ్చింది ఈ జబ్బు” అన్న మాట పడని తల్లి మాలో ఒక్కరూ లేరు. ఇది తల్లి ఎక్స్ క్రోమోజోము ద్వారా కొడుకుకు వస్తుందన్నది నిజం. అయితే ముగ్గురిలో ఒకరికి కుటుంబంలో ఎవరికీ లేకుండా కొత్తగా పుడుతుందన్నదీ నిజమే, ఏ తల్లీ కోరి ఇవ్వలేదన్నదీ నిజమే. మన దగ్గర మేనమామకు మేనకోడలిని ఇచ్చే ఆనవాయితీ ఉంది. హీమోఫీలియా ఉన్న మేనమామకు ఆ జన్యువును మోస్తున్న మేనకోడలిని ఇస్తే, పుట్టే ఒక్కొక్క ఆడపిల్లకూ జబ్బు రావడానికి సగానికి సగం అవకాశం ఉంది. మా అక్కచెల్లెళ్లలో చాలామందికి తాము జన్యువును మోస్తున్నారో లేదో తెలియదు. పెళ్లి చెడిపోతుందేమోనని పరీక్షకు వెళ్లడానికి భయపడతారు. మోస్తున్నవారిలో కొందరికి ఫ్యాక్టర్ తక్కువగా ఉండి, నెలసరిలోనూ కాన్పులోనూ ప్రమాదం వస్తుంది. కాబట్టి రోగుల తల్లులకు, అక్కచెల్లెళ్లకు ఫ్యాక్టర్ పరీక్ష, జన్యు సలహా ఉచితంగా, గోప్యంగా అందాలి. గోప్యత అన్న మాటను నొక్కి చెబుతున్నాను. వరండాలో పేరు పెట్టి పిలిచి, జబ్బు పేరు పైకి చదివే చోటికి ఏ ఆడపిల్లా రెండోసారి రాదు.

5. అత్యవసర విభాగాల్లో ఒక కాగితం అంటించండి. మేము వెళ్లినప్పుడు రాత్రి డ్యూటీలో ఉన్న చిన్న డాక్టరుకు హీమోఫీలియా రోగి బహుశా మొదటిసారి ఎదురవుతాడు. అది ఆయన తప్పు కాదు. ఆ కాగితం మీద ఈ నాలుగు మాటలు చాలు. తలకు దెబ్బ తగిలితే ముందు ఫ్యాక్టర్, తరువాత స్కాన్. కండకు ఇంజెక్షన్ వేయవద్దు. డైక్లోఫెనాక్, యాస్ప్రిన్ ఇవ్వవద్దు. పొత్తికడుపులో, గజ్జల్లో నొప్పితో కాలు ముడుచుకుని వస్తే అపెండిక్స్ అనుకుని కోయడానికి ముందు, లోపలి కండరంలో రక్తస్రావమేమో చూడండి. ఫ్యాక్టర్ లేదు కాబట్టి ప్లాస్మా ఎక్కిస్తామనడం కూడా ఆగాలి. ప్లాస్మాలో మిల్లీలీటరుకు సుమారు ఒక్క యూనిటే ఉంటుంది, నాకు కావలసిన 1,200 యూనిట్లు దానితో భర్తీ కావాలంటే ఒక లీటరు దాటి ఎక్కించాలి.

6. పని గురించి. హీమోఫీలియాను 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించింది. 40 శాతం వైకల్యం నిర్ధారణ అయితే ఉన్నత విద్యలో 5 శాతం రిజర్వేషన్ మాకూ వర్తిస్తుంది. కానీ అదే చట్టంలో ప్రభుత్వ ఉద్యోగాలకు ఇచ్చిన 4 శాతం రిజర్వేషన్ జాబితాలో హీమోఫీలియా లేదు. అంటే చదువుకోమన్నారు, తరువాత సంగతి వదిలేశారు. రాళ్లు కొట్టే పని, తోటల్లో కాయలు దించే పని, మూటలు మోసే పని మేము చేయలేం. మిగిలినది కూర్చుని చేసే పని. ఫ్యాక్టరీల్లో చేరినవాళ్లు జబ్బు సంగతి దాచి చేరుతున్నారు. దాచినవాడు ఫ్యాక్టర్ కోసం సెలవు అడగలేడు, కడుపునొప్పి అనో బంధువు పోయాడనో చెప్పుకుంటాడు. నాకు తెలిసిన ఒక యువకుడు చీలమండ వాచినా బూటు విప్పకుండా ఎనిమిది గంటలు నిలబడ్డాడు. ఆ షిఫ్టు తరువాత బూటును కత్తెరతో కోసి తీయవలసి వచ్చింది. ఉద్యోగ జాబితాను మార్చడం కేంద్రం చేతిలో ఉందని తెలుసు, ఆ సిఫారసు రాష్ట్రం నుంచి వెళ్లాలని కోరుతున్నాం.

వైకల్యాన్ని నిర్ధారించే సదరం శిబిరాల్లో మమ్మల్ని ఆ ఒక్క రోజు నడకను చూసి కొలుస్తున్నారు. ఫ్యాక్టర్ వేసుకుని వచ్చిన రోజు మామూలుగానే నడుస్తాం. మా వైకల్యాన్ని ఫ్యాక్టర్ శాతంతో, రక్తస్రావాల పుస్తకంతో, కీళ్ల ఎక్స్‌రేతో కలిపి కొలవండి. పింఛను విషయంలోనూ ఇంతే. ఇది ఫ్యాక్టర్ 2 శాతం కన్నా తక్కువ ఉన్నవారికే వర్తిస్తుంది. మూడు శాతం ఉండి, రెండు మోకాళ్లూ బిగుసుకుపోయినవాడికి ఈ పింఛను అందదు. కీళ్లు పాడైనవారికి ఆ గీతను సడలించండి.

7. రక్త పరీక్షలు తిరుపతిలోనే జరగాలి. తీవ్ర హీమోఫీలియా ఏ ఉన్నవారిలో దాదాపు 30 శాతం మందికి, ఇచ్చిన ఫ్యాక్టర్‌ను ఒంట్లో పని చేయనివ్వని ఇన్‌హిబిటర్లు అనే ప్రతిరోధకాలు పుడతాయి. అప్పుడు మామూలు ఫ్యాక్టర్ ఎంత ఎక్కించినా నీళ్లు పోసినట్టే. వాళ్లకు వేరే మందులు కావాలి. ఏడాదికి ఒకసారైనా ప్రతి రోగికీ ఇన్‌హిబిటర్లు ఉన్నాయేమో చూసే పరీక్ష చేయించండి.

8. ఫిజియోథెరపీ. క్లినిక్ జరిగే రోజున ఒక ఫిజియోథెరపిస్టు ఉంటే చాలు. ఇంతకన్నా వివరించనక్కరలేదు.

ఈ ఎనిమిదింటిలో ఒకటి, రెండు, ఐదు అంశాలకు కొత్త భవనం అక్కరలేదు, కొత్త పోస్టు అక్కరలేదు. ఒక ఉత్తర్వు, ఒక రిజిస్టరు, కొన్ని ఐసు పెట్టెలు చాలు. మందు ఇప్పటికే కొంటున్నారు. అది ఉండే చోటును ఆసుపత్రి స్టోరు నుంచి మా ఇంటికి మార్చమని మాత్రమే అడుగుతున్నాం.

మా చివరి విన్నపం ఒక తేదీ గురించి. ఏప్రిల్ 17 ప్రపంచ హీమోఫీలియా దినం. ఆ రోజున బ్యానరు కట్టి, పండ్లు పంచి, ఫోటో తీయించుకునే కార్యక్రమం వద్దని మేమంతా కలిసి అనుకున్నాం. దానికి బదులు ఆ తేదీలోపు రెండు జిల్లాల అధికారులు, వైద్యులు, స్టోరు బాధ్యులు మాతో ఒక్క పూట కూర్చోండి. మా రక్తస్రావాల పుస్తకాలు తెస్తాం, తల్లులు వస్తారు, ఇంట్లో ఫ్యాక్టర్ ఎక్కించుకోవడం నేర్చిన ఇద్దరు మీ ఎదుటే ఎక్కించుకుని చూపిస్తారు. ఆ సమావేశం దయచేసి ఆదివారం పెట్టండి. మిగతా రోజుల్లో పెడితే మాలో సగం మందికి ఇంకో రోజు జీతం పోతుంది.

ఇట్లు,
తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో హీమోఫీలియాతో బతుకుతున్న యువకుల, వారి కుటుంబాల తరఫున,
పలమనేరు ప్రాంతపు ఒక రోగి